నిండా ముంచిన కత్తులు

విజయవాడ, 4 మార్చి 2025, మంగళవారం. మేజిస్ట్రేటు గారి ఎదుట ఉదయం 11 గంటల 10 నిమిషాలకు మొదలుపెట్టి నమోదు చేసినది.

నా పేరు షేక్ బాజీ. మా నాన్న మస్తాన్ వలి, ఇప్పుడు లేరు. నాకు యాభై ఏడేళ్లు. ఆటోనగర్‌లో కొలిమి పెట్టుకుని ముప్పై నాలుగేళ్లుగా కత్తులు చేస్తున్నాను. పటమటలో అద్దె ఇంట్లో నా భార్య ఫక్రున్నీసాతో కలిసి ఉంటాను. ఏడో తరగతి దాకా చదివాను. తెలుగు చదవగలను, రాయగలను.

నేను ఏమీ చెప్పాల్సిన అవసరం లేదని, చెబితే అది నా మీదే సాక్ష్యంగా వాడవచ్చని మేజిస్ట్రేటు గారు ముందే చెప్పారు. ఆలోచించుకోమని గంటసేపు బయట బల్ల మీద కూర్చోబెట్టారు. పోలీసులెవరూ దగ్గర లేరు. మంచినీళ్లు ఇవ్వబోయారు. ఈ రోజు మూడో రోజా, అందుకని వద్దన్నాను. ఆ గంటలో నా ఆలోచన మారలేదు. ఎవరూ బలవంతం చేయకుండా నేనుగా వచ్చి చెబుతున్నాను.

నా మీద ఉన్న కేసు ఏమిటంటే, ఫిబ్రవరి 13వ తేదీన వన్ టౌన్‌లో లక్ష్మీకాంత్ గారి హార్డ్‌వేర్ షాపులోకి చొరబడి, కేకలు వేసి, కత్తి చూపించి చంపుతానని బెదిరించి, సరుకు ధ్వంసం చేశానని. సరుకు పాడుచేసిన మాట నిజం. కేకలు వేయలేదు. చంపుతానని అనలేదు. కత్తి ఎవరిమీదా ఎత్తలేదు. కత్తిని వైస్‌లో, అంటే ఇనప పట్టు దవడల మధ్య, బిగించి వంచాను. వంగినవి వంగాయి, విరిగినవి విరిగాయి. అంతే జరిగింది.

ఈ కేసు అర్థం కావాలంటే కత్తి ఎలా గట్టిపడుతుందో ముందు రాసుకోవాలి. ఎస్.ఐ. గారికి ఈ సంగతి చెప్పబోతే, అదంతా ఎందుకు, విరగ్గొట్టావా లేదా అది చెప్పు అన్నారు. అందుకే ఆయన రాసుకున్న కాగితంలో ఇది లేదు. ఇక్కడ రాయమని కోరుతున్నాను.

కొబ్బరిబోండాలు కొట్టే కత్తిని నేను లారీ కమాన్ పట్టీతో, అంటే లారీ కింద ఉండే స్ప్రింగు ఉక్కు పట్టీతో చేస్తాను. పట్టీని కాల్చి, సుత్తితో సాగగొట్టి ఆకారం తెస్తాను. తరవాత మళ్లీ కొలిమిలో పెట్టి, అయస్కాంతం అంటుకోనంత ఎర్రగా కాలాక తీసి నూనెలో చల్లారుస్తాను. ఆ చల్లార్చడం రెండు రకాలు. కత్తిని మొత్తం నూనెలో ముంచేస్తే పదునుండే అంచు నుంచి వెనకవైపు వీపు దాకా అంతా ఒకే తీరున గట్టిపడుతుంది. దీన్ని మా షాపులో నిండా ముంచడం అంటాం. అలా కాకుండా పదును వైపు రెండు వేళ్ల వెడల్పు మాత్రమే నూనెలో ఉంచి, వీపును పైకి పట్టుకుని, అటూ ఇటూ మెల్లగా ఊపుతూ చల్లారిస్తే అంచు గట్టిపడుతుంది, వీపు మెత్తగా ఉండిపోతుంది. దీన్ని అంచు ముంచడం అంటాం. ఒక్కో కత్తిని చేత్తో పట్టుకుని నిలబడాలి. మనిషి కదలడానికి లేదు.

నిండా ముంచడం తప్పని నేను ఎక్కడా అనలేదు. అది కూడా రాయండి. కూరగాయల కత్తులు నేనే నిండా ముంచుతాను. కానీ ముంచిన తరవాత దాన్ని ఓవెన్‌లో రెండు గంటలు సన్నని వేడి మీద మగ్గబెట్టాలి. తీసి రుద్దితే ఎండుగడ్డి రంగు కనపడాలి. అప్పుడు పెళుసు పోతుంది. మగ్గబెట్టకుండా ఇచ్చేస్తే అది గాజుతో సమానం. చేతిలో పెట్టుకుంటే బాగానే ఉంటుంది, కోస్తే బ్రహ్మాండంగా కోస్తుంది. దెబ్బ పడితే ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. అంచు ముంచినదాన్నీ మగ్గబెడతాం. ఎక్కడన్నా తేడా వస్తే దాని అంచు పెచ్చు లేస్తుంది తప్ప కత్తి రెండు ముక్కలు కాదు. మెత్తటి వీపు పట్టుకుంటుంది.

కొబ్బరిబోండాల మనిషి రోజుకు రెండు వందల కాయలు కొడతాడు. కాయకు ఆరేడు దెబ్బలు. కొట్టేటప్పుడు తల కిందికి వంచి కాయ వైపే చూస్తాడు. ముఖం కత్తికి మూరెడు దూరంలో ఉంటుంది. అందుకని బోండాల కత్తి అంచే ముంచాలి అని మా నాన్న చెప్పాడు. నేనూ ముప్పై నాలుగేళ్లుగా అదే చెబుతున్నాను.

లక్ష్మీకాంత్ గారు ఎనిమిదేళ్లుగా నా దగ్గర కత్తులు తీసుకుని అమ్ముతున్నారు. ఆయనకు నలభై నాలుగేళ్లు ఉంటాయి. నా కత్తికి పిడి దగ్గర గుండ్రంలో 'బా' అని ముద్ర ఉంటుంది. కిందటి సంవత్సరం ఆగస్టులో ఆయన మా షాపుకు వచ్చి, పాలిష్ పడితే ముద్ర అరిగిపోతోంది బాజీ గారూ, పాలిష్ అయ్యాక మా దగ్గరే కొట్టుకుంటాం, పంచ్ ఒకటి ఇవ్వండి అన్నారు. నేను కూర్చుని ఆ పంచ్ చెక్కి, గట్టిపరిచి, గుడ్డలో చుట్టి ఇచ్చాను. నా చేత్తో నా పేరు ఆయనకు ఇచ్చాను. అడిగి తీసుకున్నారు. దొంగతనం చేయలేదు.

రాజ్యలక్ష్మి గారు గుణదలలో మేరీమాత గుడికి వెళ్లే దారిలో బోండాల బండి పెట్టుకుంటారు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. ఆమె భర్త శౌరయ్య కాయలు తోలుకొస్తాడు, ఆమె కొడుతుంది. పదకొండేళ్లుగా నా కత్తే వాడుతున్నారు. ఫిబ్రవరి 4వ తేదీ, మంగళవారం సాయంత్రం నాలుగింటికి ఆమె మా షాపుకు వచ్చారు. తిరునాళ్లు వస్తున్నాయి, పాత కత్తి అరిగి సన్నబడింది, కొత్తది కావాలన్నారు. నా దగ్గర ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ లక్ష్మీకాంత్ గారికి వెళ్లిపోయాయి. వన్ టౌన్ షాపు అడ్రసు నేనే చెప్పాను. 'బా' ముద్ర చూసి తీసుకోండమ్మా, అది ఉంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు అన్నాను. ఈ మాట నేనే అన్నాను.

ఫిబ్రవరి 10వ తేదీ, సోమవారం. తిరునాళ్ల రెండో రోజు. ఉదయం పది గంటల నలభై నిమిషాలకు బండి దగ్గర జనం ఉండగా రాజ్యలక్ష్మి గారు కాయ కొడుతుంటే లక్ష్మీకాంత్ గారి షాపులో కొన్న కొత్త కత్తి మధ్యకు విరిగింది. పై ముక్క ఎగిరి ఆమె ఎడమ కంట్లో దిగింది. ఎదురుగా ఒక తల్లి చంటిబిడ్డను ఎత్తుకుని నిలబడి ఉందట. బిడ్డకు ఏమీ కాలేదు. ఈ సంగతి శౌరయ్య నాకు మధ్యాహ్నం ఒంటిగంటా పావుకు ఫోన్ చేసి చెప్పాడు. అతను తిట్టలేదు. "మీ ముద్రే ఉందండీ" అని రెండుసార్లు అన్నాడు. నేను కొలిమి ఆర్పి ఆసుపత్రికి వెళ్లాను. మర్నాడు ఆపరేషన్ చేసి కన్ను తీసేశారు. కత్తి ముక్కలు రెండూ అప్పటికే పోలీసులు తీసుకెళ్లారు. నేను చూడలేదు.

12వ తేదీ బుధవారం ఉదయం తొమ్మిదింటికి ఆమె మాట్లాడగలిగింది. సగం ముఖానికి కట్టు ఉంది. నేను మంచం పక్కన నిలబడ్డాను.

"మీది కాదులెండి బాజీ గారూ," అంది ఆమె. "మీ కత్తి అట్టా విరగదు. ఎవరో మీ ముద్ర ఏసుంటారు."

అదే రోజు మధ్యాహ్నం రెండింటికి గుణదలలో ఆమె పక్కన బండి పెట్టుకునే డేనియల్ మా షాపుకు ఒక కత్తి తెచ్చాడు. వారం కిందట ఆయన కూడా లక్ష్మీకాంత్ గారి షాపులోనే కొన్నాడు. ముద్ర నాది. కత్తి నాది కాదు. పిడి ఊడదీసి చూస్తే, పిడిలోకి దూరే తోక రేకులో కోసినట్టు ఒకే మందంగా ఉంది. నేను చేసిన తోక సుత్తి దెబ్బలతో కొసకు సన్నబడుతుంది, ఆ గుంటలు చేతికి తగులుతాయి. పైగా అంచు ముంచిన కత్తిని పాలిష్ పడితే గట్టి భాగానికీ మెత్త భాగానికీ మధ్య అల లాంటి గీత కనపడుతుంది. డేనియల్ తెచ్చినదానికి ఆ గీత లేదు. నిండా ముంచారు. ఆయనను అడిగి వైస్‌లో బిగించి వంచాను. నాలుగు వేళ్ల దూరం కూడా వంగలేదు, టక్‌మని విరిగింది. విరిగినచోట ఉప్పు పలుకుల్లా ఉంది. మితిమీరి కాల్చి, అలాగే ముంచి, మగ్గబెట్టకుండా అమ్మేశారన్నమాట. డేనియల్ ఆ ముక్కలు చూశాడు. తన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

నా భార్య ఆ సాయంత్రం పోలీసుల దగ్గరకు వెళ్లి చెప్పమంది. షాపుకు వెళ్లి గొడవ పెట్టుకోవద్దంది. నేను వినలేదు.

13వ తేదీ గురువారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు లక్ష్మీకాంత్ గారి షాపుకు వెళ్లాను. వట్టి చేతులతో వెళ్లాను. ఆయన గల్లాలో కూర్చుని ఉన్నారు. గుణదల సంగతి తెలుసా అని అడిగాను. తెలుసన్నారు. డేనియల్ కత్తి ముక్కలు బల్లమీద పెట్టి ఇది ఎవరు చేశారని అడిగాను. మొదట అన్నీ నీవేనన్నారు. అప్పటిదాకా ఎనిమిదేళ్లు నన్ను బాజీ గారూ, మీరు అని పిలిచిన మనిషి. ఆ రోజు 'గారు' పోయింది. నేను తోక చూపించాను. అప్పుడు, కొండపల్లి వైపు ఒక షెడ్డులో కూడా కొన్ని చేయిస్తున్నామని, రేకు కోసి, ఇరవయ్యేసి చొప్పున ఇనుప బుట్టలో పెట్టి ఒకేసారి ముంచుతారని చెప్పారు. మగ్గబెడతారా అని అడిగాను. అంటే ఏంటన్నారు.

దాని మీద నా పేరు ఎందుకు కొట్టారని అడిగాను.

"చూడు బాజీ, నువ్వు సగం ముంచుతావు, సగమే గట్టిపడుద్ది. వాళ్లు మొత్తం ముంచుతారు, మొత్తం గట్టిపడుద్ది. కస్టమరు మొత్తం కత్తికి డబ్బులిస్తన్నాడా, సగానికా?" అన్నారు.

షాపులో ఉన్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆయన కూడా నవ్వారు. ఒక ఆడమనిషి కన్ను పోయి మూడు రోజులు. ఆయన నవ్వారు. ఇది ఫిర్యాదులో లేదు.

నేను అరవలేదు. షాపు ముందు పిడులు బిగించడానికి ఒక పెద్ద వైస్ ఉంది. దాని పక్కన ఇనప పైపు ఉంది. స్టాండులో ఉన్న బోండాల కత్తులన్నీ, 'బా' ముద్ర ఉన్నవన్నీ తీసుకుని బయట పెట్టాను. ఎనభై మూడు ఉన్నాయి. జనాన్ని వెనక్కి జరగమన్నాను. మొదటిది బిగించి, పిడికి పైపు తొడిగి వంచాను. విరిగింది. ముక్క ఎగిరి ఎవరికైనా తగులుతుందేమోనని గోనెసంచి అడిగాను. గుమాస్తా చక్రి లోపలినుంచి తెచ్చి ఇచ్చాడు. ఆ తరవాత ప్రతి కత్తి మీదా గోనెసంచి కప్పి వంచాను. గోనెసంచి సంగతి ఫిర్యాదులో లేదు. చంపడానికి వచ్చినవాడు గోనెసంచి కప్పడు. చక్రి కూడా తాను తేలేదని పోలీసులకు చెప్పాడట. అతనికి ఉద్యోగం కావాలి. అతని మీద నాకు కోపం లేదు.

లక్ష్మీకాంత్ గారు రెండుసార్లు నా చెయ్యి పట్టుకుని లాగారు. నేను విదిలించుకున్నాను. ఆయన చొక్కా జేబు చిరిగిన మాట నిజం. పోలీసులకు ఫోన్ చేయండి, వాళ్లు వచ్చేదాకా నేను ఇక్కడే ఉంటానన్నాను. వంగినవాటిని ఒక పక్క పెట్టాను, విరిగినవాటిని ఒక పక్క వేశాను. వంగినది చూపించి, ఇదీ మా కత్తి, వంకరపోయింది, కానీ ఎవరి కంట్లోకీ పోలేదు అని అక్కడున్నవాళ్లకు చెప్పాను. ఈ మాట పదిసార్లు చెప్పి ఉంటాను. గొంతు పెరిగి ఉండవచ్చు. దాన్ని కేకలు అంటే అననివ్వండి. ఒంటిగంటా పది నిమిషాలకు అన్నీ అయిపోయాయి. విరిగినవి అరవై ఒకటి, వంగినవి ఇరవై రెండు. ఒంటిగంటా ఇరవైకి పోలీసులు వచ్చారు. నేను వాళ్లతో నడిచి వెళ్లాను. ఆ సాయంత్రం నోటీసు ఇచ్చి పంపించారు. వారంపాటు నా అంత నిజాయితీపరుడు లేడని అనుకుంటూ తిరిగాను. ఆటోనగర్‌లో అందరూ వచ్చి మంచి పని చేశావన్నారు. నేను కాదనలేదు.

ఫిబ్రవరి 20వ తేదీ గురువారం ఉదయం పదింటికి ఎస్.ఐ. గారు పిలిచారు. కవరులోంచి గుణదల కత్తి ముక్కలు తీసి బల్లమీద పెట్టి, ముద్ర నీదేనా అని అడిగారు. పిడి ఊడదీసి ఉంది. తోక కనపడుతోంది. కొసకు సన్నబడి ఉంది. సుత్తి గుంటలు ఉన్నాయి. విరిగినచోట ఉప్పు పలుకులు లేవు, సన్నగా, బూడిద రంగులో ఉంది. అల గీత లేదు.

ముద్ర నాదేనని చెప్పాను. ఆయన అంతే అడిగారు. నేను అంతే చెప్పాను. సంతకం పెట్టమంటే పెట్టి వచ్చేశాను.

మేజిస్ట్రేటు గారు జరిగినవి వరసగా చెప్పమన్నారు. వరసలో ఒకటి వదిలేశాను. ఇప్పుడు చెబుతున్నాను.

జనవరి 30వ తేదీ, గురువారం. లక్ష్మీకాంత్ గారికి తిరునాళ్ల కోసం అరవై బోండాల కత్తులు ఆ రోజు ఇస్తానని మాట ఇచ్చాను. నలభై ఎనిమిది అంచు ముంచి మగ్గబెట్టి సిద్ధంగా ఉన్నాయి. పన్నెండు మిగిలాయి. ఆ ఉదయం ఓవెన్ కాయిల్ కాలిపోయింది. సాయంత్రం నాలుగింటికి బండి వస్తుంది. రెండున్నర అయింది. ఒక్కొక్కటీ పట్టుకుని అంచు ముంచుతూ నిలబడితే టైము చాలదు. ఆరు ఒక తీగకు, ఆరు ఒక తీగకు గుచ్చి కాల్చి, రెండుసార్లుగా నూనెలోకి దించాను. నిండా ముంచాను. మగ్గబెట్టడానికి ఓవెన్ లేదు. బొగ్గుల మీద వీపు వైపు కాసేపు చూపించాను, నాలుగైదు నిమిషాలు. అంచు మీద రంగు కూడా రాలేదు. వచ్చిందని నాకు నేను చెప్పుకున్నాను.

రేపు రమ్మని చెబితే లక్ష్మీకాంత్ గారు రేపు బండి పంపేవారు. ఆయన బలవంతం చేయలేదు. ఆ రోజు ఆయన ఫోన్ కూడా చేయలేదు. ఎనిమిదేళ్లలో ఒక్కసారీ గడువు దాటలేదు, బాజీ చెప్పిన రోజు తప్పడు అని ఆటోనగర్‌లో పేరుంది. ఆ పేరు కోసం చేశాను. ఇంకో కారణం లేదు. నాలుగింటికి అరవై కత్తులూ బండి ఎక్కించి, చేతులు కడుక్కుని టీ తాగాను.

13వ తేదీన షాపు ముందు విరిగిన అరవై ఒకటిలో నావి నాలుగు ఉన్నాయి. ఆ నాలుగింటిలో మొదటిది, వరసలో ఇరవయ్యో ఇరవై ఒకటో, విరిగినప్పుడే నాకు తెలిసింది. పిడి మొదట్లో తోక బయటకు కనపడేచోట చేతికి సుత్తి గుంటలు తగిలాయి. ఎవరూ చూడకముందే దాన్ని కాలితో ముక్కల కుప్పలోకి నెట్టాను. నెట్టి, వంగినదొకటి పైకెత్తి, ఇదీ మా కత్తి అని మళ్లీ చెప్పాను. మిగతా మూడింటికీ అంతే చేశాను. రాజ్యలక్ష్మి గారి చేతిలో విరిగింది మాత్రం షెడ్డుదే అయి ఉంటుందని అనుకున్నాను. 20వ తేదీన బల్లమీద చూశాక అలా అనుకోవడానికి ఏమీ మిగలలేదు.

ఆ రోజు ఇంటికి వెళ్లి ఫక్రున్నీసాకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది. నేను మా నాన్న గురించి, నా పేరు గురించి, జైలు గురించి చాలాసేపు మాట్లాడాను. ఆమె వింది.

"అట్టాంటివి ఎన్ని చేశారు?" అని అడిగింది.

పన్నెండు అన్నాను.

"మిగతావి ఎక్కడున్నాయండీ?" అంది.

అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. మూడు వారాలు. పన్నెండులో నాలుగు నేనే విరగ్గొట్టాను, ఒకటి పోలీసుల దగ్గర ఉంది. ఏడు ఎవరి చేతుల్లోనో ఉన్నాయి. వాళ్లు రోజూ తల వంచి కొడుతున్నారు. నేను నా కేసు గురించి ఆలోచిస్తున్నాను.

మర్నాటి నుంచి రోజూ ఉదయం ఏడింటికి బయలుదేరి బోండాల బండ్లు తిరుగుతున్నాను. కానూరు రోడ్డులో ఒకటి దొరికింది. పోరంకిలో ఒకటి దొరికింది. వాటికి బదులు మంచివి ఇచ్చి తెచ్చుకున్నాను. పోరంకిలో ఆ పెద్దమనిషి, కత్తి బాగానే ఉంది కదండీ, ఎందుకు తీసుకుపోతున్నారు అన్నాడు. కారణం చెబితే కత్తి కింద పెట్టి నా వంక చూశాడు. ఇంకా అయిదు దొరకలేదు. షెడ్డు కత్తులు ఎన్ని వందలు బయట ఉన్నాయో నాకు తెలియదు. లక్ష్మీకాంత్ గారికి తెలుసు. ఆయన లెక్క చెప్పడం లేదు. ఆయన చేసింది మోసం. తెలిసి చేస్తున్నారు, ఇప్పటికీ ఆ షెడ్డు నడుస్తోంది. నేను చేసింది చెప్పినంత మాత్రాన ఆయనది చిన్నది కాదు. నాది చెప్పకుండా ఆయనది చెప్పే హక్కు నాకు లేదు కాబట్టి చెబుతున్నాను.

మార్చి 2వ తేదీ ఆదివారం మధ్యాహ్నం మూడింటికి గుణదల వెళ్లి రాజ్యలక్ష్మి గారికి చెప్పాను. ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది. శౌరయ్య బండి దగ్గరకు వెళ్లాడు. కంటి మీద తెల్లటి గుడ్డ ఉంది. ఆ కత్తి నాదేనమ్మా, ఓవెన్ పాడైతే నిండా ముంచి మగ్గబెట్టకుండా ఇచ్చేశాను అన్నాను. ఆమెకు ఆ మాటలు ఎంతవరకు అర్థమయ్యాయో తెలియదు. నాదే అన్నది అర్థమైంది. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చోబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు చెప్తే ఏం లాభం బాజీ గారూ," అంది. "ఆస్పత్రిలో నలుగురి ముందూ మీది కాదని చెప్పాను. పోలీసోళ్లకీ అదే చెప్పాను. నా నోటితో అబద్ధం ఆడించారు. ఎల్లి కాగితం మీద ఎక్కించండి. అప్పటిదాకా మా ఇంటికి రాబాకండి."

క్షమించమని నేను అడగలేదు. ఆమె కూడా ఆ మాట ఎత్తలేదు. లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. నేను నడుచుకుంటూ మెయిన్ రోడ్డు దాకా వచ్చాను. మర్నాడు ఉదయం లాయరు గారి దగ్గరకు వెళ్లి మేజిస్ట్రేటు గారి ముందు చెప్పాలన్నాను. ఆయన వద్దన్నారు. సరుకు ధ్వంసం కేసు జరిమానాతో పోయేది, ఇది చెబితే కన్ను పోయిన కేసు నీ మెడకు చుట్టుకుంటుందన్నారు. చుట్టుకోనివ్వండి అన్నాను.

మేజిస్ట్రేటు గారిని ఒక్కటి అడుగుతున్నాను. నేను ఎంత గట్టిగా అరిచానో కనుక్కోవడానికి పోలీసులు తొమ్మిదిమందిని విచారించారు. అయిదు కత్తులు ఎక్కడున్నాయో ఒక్కరినీ అడగలేదు. కిందటి ఆగస్టు నుంచి 'బా' ముద్రతో బోండాల కత్తి కొన్నవాళ్లు ఎవరైనా సరే, దాన్ని తుడిచి, నిమ్మచెక్కతో రుద్ది పది నిమిషాలు ఆగి చూడమనండి. అల లాంటి గీత కనపడితే వాడుకోవచ్చు. కనపడకపోతే ఒక్క కాయ కూడా కొట్టవద్దు. అది నేను చేసిందైనా షెడ్డులో చేసిందైనా ఒకటే. నా షాపుకు తెస్తే మార్చి ఇస్తాను. నేను జైల్లో ఉంటే నా భార్య ఇస్తుంది. ఈ సంగతి పేపర్లో వేయించమని, మార్కెట్లలో మైకులో చెప్పించమని కోరుతున్నాను. లక్ష్మీకాంత్ గారి దగ్గరున్న పంచ్‌ను కోర్టు తెప్పించి పగలగొట్టించాలని కోరుతున్నాను. ఆ పని నాకు అప్పగించినా చేస్తాను.

ఇంతకంటే చెప్పేది లేదు.

రాసినదంతా గుమాస్తా గారు నాకు చదివి వినిపించారు. జనవరి 30వ తేదీ సంగతి దగ్గర 'పొరపాటున నిండా ముంచినాను' అని రాశారు. పొరపాటున అన్న మాట నేను అనలేదు. దాన్ని కొట్టివేయమని అడిగాను, నా ఎదుటే కొట్టివేశారు. ఇప్పుడు ఇందులో ఉన్నది ఉన్నట్టు నిజం.

(సంతకం) షేక్ బాజీ
మధ్యాహ్నం 1 గంట 35 నిమిషాలు